ముద్ద ఎక్కడ ఆపాలి?

పసిబిడ్డకు అన్నం కలపడం తెలుగిళ్ళలో ఎవరికీ పనిగట్టుకుని నేర్పనక్కర్లేదు. మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, కాస్త నెయ్యి వేసి, వేళ్ళతో గుజ్జుగా మెదిపి, గోరంత ముద్ద చేసి అందించడం అమ్మమ్మను చూసి అమ్మకు, అమ్మను చూసి అక్కకు వచ్చేస్తుంది. రానిదల్లా ఆపడమే. బిడ్డ మొహం తిప్పేసుకున్నాక కూడా చెయ్యి ముందుకే పోతుంటుంది. అమ్మ ముద్ద అయ్యాక నాన్న ముద్ద, తాత ముద్ద, ఆఖరికి ఊళ్ళో లేని మేనమామ ముద్ద. అదీ సాగకపోతే బూచాడు. బూచాడికీ లొంగని పిల్లలకు ఇప్పుడు ఫోను.

తప్పంతా తల్లిదని అనలేం. పెళ్ళికో పేరంటానికో బిడ్డను ఎత్తుకెళ్తే మొదట ఎదురయ్యే పలకరింపు, ‘ఏంటమ్మా, పిల్లాడిలా చిక్కిపోయాడు? సరిగ్గా పెట్టట్లేదా?’ తండ్రిని ఈ ప్రశ్న అడిగినవాళ్ళు అరుదు. పైగా ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తిండి చాలని పిల్లలు ఇంతమంది ఉన్నచోట ‘వద్దంటే వదిలెయ్యండి’ అని తేలిగ్గా సలహా ఇవ్వడం బాధ్యత అనిపించుకోదు.

అందుకే నల్గొండ పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డల్ని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గుంపు తల్లులకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎన్నిసార్లు పెట్టాలో అదనంగా చెప్పారు. మూడో గుంపుకు దాంతోపాటు ఎలా పెట్టాలో కూడా చెప్పారు: బిడ్డ ఆకలిని ఎలా కనిపెట్టాలి, చాలన్నప్పుడు ఎలా ఆపాలి, అయిదు మామూలు బొమ్మలతో ఏ ఆటలు ఆడించాలి. చెప్పింది ఊళ్ళోని ఆడవాళ్ళే, శిక్షణ తీసుకుని. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా పిల్లల్ని గమనించారు.

2013లో అచ్చయిన ఫలితాలు ఒకేవైపు మొగ్గలేదు. పొడవు విషయంలో మేలు కనబడింది ఆహారం సంగతి మాత్రమే చెప్పిన రెండో గుంపులో. మానసిక వికాసాన్ని కొలిచిన పరీక్షల్లో ముందున్నది మూడో గుంపు. ఆటలతో, కబుర్లతో ఎత్తు పెరగదన్నమాట. కానీ గిన్నెలోని అన్నం ఒక్కటే బుర్రకు చాలదని కూడా తేలింది.

ఎందుకిలా అంటే, తినిపించడం రోజుకు మూడు నాలుగు పూటలు నడిచే సంభాషణ. నోరు తెరవడం, ముందుకు వంగడం, చెయ్యి చాచడం ఒక మాట. పెదాలు బిగించడం, తల తిప్పడం, గిన్నె తోసెయ్యడం ఇంకో మాట. వీటికి జవాబు దొరికిన బిడ్డ తన పొట్ట చెప్పేది తాను వినడం నేర్చుకుంటుంది. తను చెబితే ఎదుటివాళ్ళు వింటారని కూడా తెలుసుకుంటుంది.

దీన్ని గట్టిగా నమ్మిన మనిషి క్లారా డేవిస్ అనే అమెరికన్ వైద్యురాలు. 1920, 30లలో ఆమె అప్పుడే పాలు మాన్పిన పసివాళ్ళ ముందు రకరకాల పదార్థాలు పెట్టించి వాళ్ళనే ఎంచుకోనిచ్చారు. నర్సులకు నియమం కఠినంగా ఉండేది: చెంచా పట్టుకుని ఊరికే కూర్చోవాలి. బిడ్డ ఫలానా దానివైపు చెయ్యి చాపితేనే చెంచాలోకి తియ్యాలి, నోరు తెరిస్తేనే పెట్టాలి. బతిమాలడం, మెచ్చుకోవడం, కసరడం ఏవీ కుదరవు. పిల్లలు చక్కగా పెరిగారు. అయితే అసలు కిటుకు ఆ పదార్థాల జాబితాలో ఉందని డేవిసే ఒప్పుకున్నారు. పంచదార, మిఠాయిలు అందులో లేవు. చిప్స్ ప్యాకెట్టు, పప్పన్నం పక్కపక్కన పెట్టి ‘నీ ఇష్టం’ అనడం వేరే సంగతి. ఏం పెట్టాలన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది బిడ్డ పని.

మన అన్నప్రాసనలో ఈ తెలివి ఉంది. పాయసం నాకించాక పుస్తకం, కలం, బంగారం, పూలు ఎదురుగా పెట్టి, పాకుతూ వెళ్ళి దేన్ని పట్టుకుంటుందోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ పసి చేతి నిర్ణయానికి ఆ రోజున్న గౌరవం మర్నాడు కంచం దగ్గర ఉండదు.

కొంత చిక్కు గిన్నె సైజుతోనూ ఉంది. ఆరో నెల నిండిన బిడ్డకు మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు చాలు. ఎనిమిదో నెలకు మెల్లగా పావు లీటరు గిన్నెలో సగానికి చేరితే సరిపోతుంది. పెద్దగిన్నె నిండా కలుపుకుని కూర్చుంటే అడుగు కనబడే దాకా యుద్ధమే. కొత్త కూర ఉమ్మేస్తే అది నచ్చలేదని తీర్మానించేయడం మరో తొందర. ఎనిమిది పదిసార్లు రుచి చూశాక గానీ అలవాటుపడని పిల్లలు చాలామంది. బలవంతం వల్ల ఫలితం ఉల్టా అవుతుంది కూడా. 2006లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకా బడి వయసు రాని పిల్లలకు సూప్ ఇచ్చి చూస్తే, ‘తాగెయ్’ అని ఒత్తిడి పెట్టినప్పుడు వాళ్ళు తక్కువ తాగారు, ఎక్కువ విసుక్కున్నారు.

జ్వరపడి లేచిన బిడ్డ సంగతి వేరు. ఆకలి తిరిగొచ్చే దాకా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు, ఓపికతో పెట్టాల్సిందే.

ఇక ఫోను. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తినేటప్పుడు దాని తంటా మరీ ఎక్కువ. కళ్ళు తెర మీదుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, గిన్నె ఖాళీ అవుతుంది, అమ్మ గెలుస్తుంది. పైన చెప్పిన సంభాషణలో మాత్రం ఒక్క మాటా జరగదు.

పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా పిల్లలతో ఆడాల్సిన ఆటలు, చెప్పాల్సిన కబుర్లతో కేంద్రం 2024లో ‘నవచేతన’ అనే మార్గదర్శిని తెచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలు దాన్ని ఇళ్ళకు చేర్చే పనిలో ఒక పూట గిన్నె, చెంచా, ఆకలిగా ఉన్న బిడ్డతో తినిపించడం చేసి చూపిస్తే పాఠం బాగా ఎక్కుతుంది. దానికి తండ్రులూ రావాలి. కూలికీ ఉద్యోగానికీ పోయినవాళ్ళు రావాలంటే సాయంత్రం పెట్టుకోవాలి, ఆ అదనపు గంటకు కార్యకర్తకు డబ్బివ్వాలి.