సబ్ర్ నుంచి సాక్ష్యం దాకా: సిద్దిపేట ప్రాంత పీరీల పాట, తెలుగు ముస్లిం కవిత్వం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కష్టానికి ఇస్లాం ఇచ్చే అర్థంలో 'సబ్ర్' కీలకమైన భావన. తెలుగులో దీనిని సహనం, ఓర్పు అంటారు. ఈ మాటల వల్ల విశ్వాసి అన్యాయాన్ని మౌనంగా భరిస్తాడన్న అభిప్రాయం కలుగుతుంది. సిద్దిపేట ప్రాంతపు పీరీల పండుగ పాటల సంప్రదాయాన్ని, 1990ల నుంచి వెలువడిన తెలుగు ముస్లిం కవిత్వాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ అభిప్రాయం నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మళ్లీమళ్లీ వచ్చే కష్టానికి ఈ రెండు సాహిత్యరూపాలూ ఓదార్పును మించిన అర్థాన్ని ఇచ్చాయి. ఆ అర్థం సాక్ష్యం.

కీలకపదాలు: సబ్ర్, షహాదత్, కర్బలా, పీరీల పండుగ, ముస్లింవాద కవిత్వం, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు సిద్దిపేట మెదక్ జిల్లాలో భాగం. వానను, చెరువును, తరువాతి కాలంలో బోరుబావిని నమ్ముకుని బతికిన మెట్టప్రాంతమిది. ఇక్కడి పల్లెల్లో ముస్లిం కుటుంబాలు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలోనూ పొలంలోనూ తెలుగు మాట్లాడుతూ తక్కిన కులాలతో కలిసి జీవించాయి. కరువు అందరిదీ. దానికి తోడు ఈ కుటుంబాలకు చరిత్ర తెచ్చిన కష్టం మరొకటి ఉంది.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలో జరిగిన హింసను విచారించడానికి పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక సంఘం పర్యటించింది. రాష్ట్రమంతటా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అది అంచనా వేసింది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో మృతులు కనీసం 5 వేల మందని నివేదిక చెప్పింది. సిద్దిపేట అప్పుడు ఆ మెదక్ జిల్లాలోనిదే. ఈ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అంటే జరిగిన నష్టానికి తోడు, ఆ నష్టాన్ని చెప్పుకునే అవకాశం కూడా లేకపోయింది. ఆ తరువాత 1992లో బాబ్రీ మసీదు కూల్చివేత, 2002లో గుజరాత్ మారణకాండ జరిగాయి. ఇవి దూరప్రాంతాల ఘటనలే అయినా, వాటి నీడ తెలుగు ముస్లింల మీద కూడా పడింది.

ఒక కష్టం ఒకసారి వస్తే దానికి కారణం వెతుకుతారు. అదే కష్టం తరతరాలుగా తిరిగి వస్తుంటే దానికి అర్థం వెతుకుతారు. విశ్వాసం ఇచ్చే ఆ అర్థం మనిషిని అన్యాయంతో రాజీపడేలా చేస్తుందా, ఎదురు నిలిచే శక్తినిస్తుందా అన్నది విమర్శ ముందున్న ప్రశ్న.

2. సబ్ర్ - అర్థపరిధి:

అరబ్బీలో సబ్ర్ అనే మాటకు మూలార్థం బిగబట్టడం, చెదరకుండా నిలుపుకోవడం. అల్-గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఒక ప్రకరణాన్ని సబ్ర్, షుక్ర్ అనే జంటకు కేటాయించాడు. ఓర్పునూ కృతజ్ఞతనూ ఆయన విశ్వాసపు రెండు భాగాలుగా చర్చించాడు. ఈ దృష్టిలో సబ్ర్ ఒక క్రియ. తెలుగులో 'ఓర్చుకోవడం' అన్నప్పుడు కలిగే నిష్క్రియాభావం దానిలో లేదు.

ఖుర్ఆన్‌లోని యాకూబ్ ప్రవక్త కథ ఇందుకు మంచి నిదర్శనం. కుమారులు యూసుఫ్‌ను బావిలో వేసి, చొక్కాకు దొంగ రక్తం పూసి తెస్తారు. తండ్రి ఆ సందర్భంలో సుందరమైన సబ్ర్‌ను ఆశ్రయిస్తానని అంటాడు. కానీ అదే మాటలో కొడుకులు చెప్పింది కల్పన అని కూడా తేల్చి చెబుతాడు. తరువాత ఏళ్ల తరబడి దుఃఖిస్తాడు. కళ్లు తెల్లబడి చూపు కోల్పోతాడు. తన వేదనను అల్లాహ్‌కు మాత్రమే మొరపెట్టుకుంటున్నానని అంటాడు. ఇక్కడ సబ్ర్‌లో కన్నీరు ఉంది, మొర ఉంది, అబద్ధాన్ని అబద్ధమని గుర్తించడం ఉంది. లేనిది నిరాశ మాత్రమే. అయ్యూబ్ ప్రవక్త కథ కూడా ఇలాంటిదే. తనకు బాధ కలిగిందని దైవానికి చెప్పుకున్న ఆయననే ఖుర్ఆన్ సహనశీలిగా కీర్తించింది.

పునరావృత్తికి సంబంధించి 94వ సూరా గమనార్హం. కష్టంతో పాటే సులువు ఉందనే అభిప్రాయం అక్కడ వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. కష్టమనే మాట రెండుచోట్లా నిర్దిష్టార్థంలో, సులువనే మాట అనిర్దిష్టార్థంలో ఉంది. కాబట్టి రెండుసార్లు చెప్పిన కష్టం ఒక్కటే, సులువులు మాత్రం రెండు అని ప్రాచీన వ్యాఖ్యాతలు వివరించారు. అరబ్బీ నిర్దిష్టార్థక ఉపపదానికి సమానమైనది తెలుగులో లేదు. అందువల్ల అనువాదంలో ఈ సూక్ష్మం జారిపోయి, అది కేవలం నొక్కి చెప్పడంగా మిగులుతుంది. మూలంలో మాత్రం తిరిగి చెప్పడం వల్ల అర్థమే మారుతోంది. ఈ సూత్రం పీరీల పాటకు కూడా వర్తిస్తుంది.

3. పీరీల పాట - పునరావృత్తిలో అర్థం:

హిజ్రీ 61, అంటే క్రీ.శ. 680లో ముహర్రం పదవ రోజున కర్బలా మైదానంలో ఇమామ్ హుస్సేన్ తన పరివారంతో సహా నేలకొరిగారు. యూఫ్రటిస్ నది దగ్గరే ఉన్నా వారికి నీళ్లు అందనివ్వలేదు. కుతుబ్‌షాహీల కాలంలో ఈ సంస్మరణ దక్కనులో వేళ్లూనుకుంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు రాశాడు. 1590లలో హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా వెలిసింది. అక్కడి నుంచి ముహర్రం తెలంగాణ పల్లెకు పీరీల పండుగగా చేరింది.

సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో ఈ పండుగ తెలంగాణలోని తక్కిన పల్లెల్లో వలెనే సాగుతుంది. ఏడాదంతా పెట్టెలో ఉన్న పీరీలను బయటికి తీసి, కడిగి, దట్టీలు కట్టి నిలబెడతారు. ముందు అలావా గుండం తవ్వుతారు. ఊదు వేసి మొక్కుతారు. మొక్కు ఉన్నవాళ్లు పిల్లలను ఫకీర్లను చేస్తారు. మలీదా, షర్బత్ పంచుతారు. పీరీలను ఎత్తుకునేవారిలో, అలావా చుట్టూ ఆడేవారిలో ముస్లింలతో పాటు అన్ని కులాల వారూ ఉంటారు. గ్రామ ముస్లింలలో అధికులు సున్నీలే అయినా హసన్, హుస్సేన్, ఖాసిం, అబ్బాస్‌ల పేర్లు వారికి ఇంటి పేర్లంత దగ్గరివి.

ఈ పాటల నిర్మాణం ప్రత్యేకమైనది. ఒకరు చరణం అందుకుంటే గుంపు వంతపాడుతుంది. కథ ముందుకు సాగేకన్నా ఒకే చోట తిరుగుతుంది. దాహం, కొత్త పెళ్లికొడుకైన ఖాసిం మరణం, తల్లి శోకం అనే ఘట్టాలే మళ్లీమళ్లీ వస్తాయి. యుద్ధవర్ణన కంటే తల్లి నోటి మాటలకే ప్రాధాన్యం ఎక్కువ. శ్రోతకు కథ ముందే తెలుసు. అందువల్ల పాటలో ఉత్కంఠ ఉండదు, పాల్గొనడం ఉంటుంది. పాడేవాడు హుస్సేన్ దాహాన్ని గుర్తుచేసుకునేది తన చెరువు ఎండిన నేల మీద నిలబడే. కర్బలాలోని నీటి కరువు మెట్టప్రాంతపు రైతుకు వివరించవలసిన విషయం కాదు. భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టం, ఫలసాయ నష్టం ద్వారా మనిషికి పరీక్ష ఉంటుందని ఖుర్ఆన్ రెండవ సూరా పేర్కొన్నది. ఆ జాబితాలో ఉన్నవి ఈ పల్లె అనుభవాలే.

అయితే పాట ఈ పోలికతో ఆగదు. పరీక్షలో ఓడినవాడు హుస్సేన్ అని ఏ పాటా చెప్పదు. చనిపోయినవాడిని ఊరు భుజాన మోస్తుంది, చంపినవాడి పేరు మీద పీరీ లేదు. ఏటా తిరిగి పాడడం వల్ల గెలుపోటముల లెక్క తారుమారైంది. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప ఉత్సవాన్ని అధ్యయనం చేసిన అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన తన గ్రంథంలో, ఇటువంటి పండుగలను హిందూ ముస్లింలు పంచుకున్న భక్తిగా విశ్లేషించారు. దుఃఖం ఒక సమాజానిదిగా మిగలక ఊరుమ్మడి కావడమే ఆ పంపకంలోని సారం.

4. ఆధునిక కవిత్వం - సాక్ష్యంగా మాట:

అరబ్బీలో 'షహీద్' అంటే అమరుడు, 'షాహిద్' అంటే సాక్షి. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. విశ్వాస ప్రకటన అయిన షహాదా కూడా సాక్ష్యమే. కర్బలా తరువాత యజీద్ దర్బారులో జైనబ్ చేసిన ప్రసంగం లేకపోతే ఆ మరణాల కథ మిగిలేది కాదని సంప్రదాయం విశ్వసిస్తుంది. అంటే షహాదత్ సంపూర్ణం కావడానికి చనిపోయినవాడితో పాటు చెప్పేవారు కూడా కావాలి. తెలుగు ముస్లిం కవిత్వం ఈ రెండవ పాత్రను స్వీకరించింది.

ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' 1991లో, అంటే బాబ్రీ కూల్చివేతకు ముందే వెలువడింది. దీనిని కూల్చివేతకు ప్రతిస్పందనగా చదవడం పొరపాటు. పుట్టుకతోనే మనిషి మీద పడే అనుమానం, ఆ అనుమానాన్ని చరిత్ర పేరుతో మళ్లీమళ్లీ రుజువు చేయడం ఆ కవిత వస్తువు. పుట్టుమచ్చ అనే ప్రతీకలోనే పునరావృత్తి ఉంది. అది చెరిగిపోదు, ప్రతి తరంతోనూ తిరిగి పుడుతుంది. కవి దానిని విధిగా అంగీకరించలేదు. యాకూబ్ చొక్కా మీది రక్తాన్ని గుర్తుపట్టినట్లే, తన మీద పూసిన కథను కల్పనగా గుర్తుపట్టాడు.

1998లో స్కైబాబా సంపాదకత్వంలో వచ్చిన సంకలనం పేరు 'జల్‌జలా'. భూకంపం అని దాని అర్థం. ఖుర్ఆన్ 99వ సూరా పేరు కూడా ఇదే. ఆ సూరాలో అంతిమదినాన భూమి కంపించి తన మీద జరిగినదంతా తానే చెబుతుంది. సంపాదకుని ఉద్దేశం ఏదైనా, ముస్లిం పాఠకునికి ఆ పేరులో తిరుగుబాటుతో పాటు నేల చెప్పే సాక్ష్యం కూడా వినిపిస్తుంది. 1948 గురించి మెదక్ నేల చెప్పలేకపోయినదాన్ని ఈ దృష్టితో ఆలోచిస్తే ఆ శీర్షిక బరువు తెలుస్తుంది.

5. అభ్యంతరాలు, పరిమితులు:

ఈ పఠనానికి మూడు అభ్యంతరాలు ఎదురవుతాయి. మొదటిది, ముస్లింవాద కవులలో పలువురు మతపెద్దలను ప్రశ్నించినవారు. వారి కవిత్వంలో విశ్వాసాన్ని చూడడం సమంజసమా? ఇక్కడ పరిశీలించినది కవుల ఆచారనిష్ఠను కాదు, వారి పదజాలంలోనూ ప్రతీకలలోనూ పనిచేస్తున్న స్మృతిని. దువా, నమాజు, కర్బలా అనే మాటలు నమ్మని కవి చేతిలో కూడా తమ చరిత్రను వదులుకోవు.

రెండవది సంస్కరణవాదుల నుంచి వస్తుంది. పీరీల ఆరాధన ఇస్లాంకు సమ్మతం కాదని వారి వాదన. ధర్మశాస్త్రపరంగా అది చర్చనీయమే. సాహిత్యపరంగా మాత్రం, చదువు అందని పల్లె ముస్లింకు కర్బలా వృత్తాంతాన్ని తెలుగులో అందించింది ఆ పాటేనన్న వాస్తవాన్ని కాదనలేము.

మూడవది అన్నిటికన్నా బలమైనది. సబ్ర్ చేయమని ఎవరు ఎవరికి చెబుతున్నారు? ఇంటిలో ఆ మాట మొదట స్త్రీకే వినిపిస్తుంది. షాజహానా 'నఖాబ్' (2005) వంటి సంపుటులు ముస్లిం స్త్రీ గొంతును కవిత్వంలోకి తెచ్చినప్పుడు ఈ ప్రశ్న తప్పించుకోలేనిదైంది. యాకూబ్ సబ్ర్ అనే మాటను తనకు తాను చెప్పుకున్నాడు, మరొకరికి విధించలేదు. బాధపడేవారు తమ బాధకు ఇచ్చుకునే అర్థం వారి బలం. బాధపెట్టేవారు గానీ, చూస్తున్నవారు గానీ అదే అర్థాన్ని వారికి అంటగడితే అది సాకు అవుతుంది. కష్టాన్ని పరీక్షగా వివరించే ఏ రచననైనా ఈ గీటురాయి మీద పెట్టి చూడాలి.

6. ముగింపు:

సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కోసం వేములఘాట్ వంటి గ్రామాలు ఖాళీ అయ్యాయి. నీటి కొరతను తీర్చే ప్రయత్నమే కొన్ని ఊళ్లకు కొత్త కష్టమైంది. ఊరుమ్మడి దుఃఖం ఊరు ఉన్నంత కాలమే ఊరుమ్మడి. గుండం తవ్విన చోటు, పీరీలు నడిచిన దారి, వంతపాడే గుంపు చెదిరినప్పుడు పాటకు ఆధారమైన వేదిక కూడా చెదురుతుంది. అందువల్ల ఈ ప్రాంతపు పీరీల పాటలను పాడేవారి పేర్లతో, ఊరి పేర్లతో సేకరించడం జానపద పరిశోధకుల తక్షణ కర్తవ్యం.

ఇస్లాం విశ్వాసం కష్టానికి కారణం చెప్పి సరిపెట్టిందని ఈ సాహిత్యం చూపదు. కష్టం తిరిగి వచ్చినప్పుడల్లా దానిని తిరిగి చెప్పే బాధ్యతను విశ్వాసం మనిషికి అప్పగించిందని చూపుతుంది. అలావా చుట్టూ పాడిన గాయకుడు, 'పుట్టుమచ్చ' రాసిన కవి ఒకరినొకరు ఎరగకపోవచ్చు. ఇద్దరూ చేసిన పని ఒకటే. నష్టపోయినవారి పక్షాన నిలబడి, జరిగినది జరిగినట్లు చెప్పడం. సబ్ర్‌కు తెలుగు సాహిత్యం ఇచ్చిన అర్థం ఇదే.