ఒకే జీపు ఇంట పుట్టిన ఇద్దరు

2020 అక్టోబరు 2న కొత్త మహీంద్రా థార్ అమ్మకానికి వచ్చింది. అదే నెల 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను కుండపోత ముంచెత్తింది. ఆ వెంటనే కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ మన దేశంలో దిగింది. అప్పటి ప్రారంభ ధరలు థార్‌కు 9.80 లక్షలు, డిఫెండర్‌కు 73.98 లక్షలు. బోరబండలో ఉంటూ సినిమాల్లో కెమెరా పని చేసే మా తమ్ముడు అప్పటి నుంచీ డిఫెండర్ మీదే మనసు పడ్డాడు. ఇప్పుడు కొంటానంటున్నాడు. అందుకే రెండు బళ్లనూ పక్కపక్కన పెట్టి చూశాను.

రెండింటి వంశమూ ఒక్కటే: యుద్ధకాలపు అమెరికన్ విల్లీస్ జీపు. 1947లో మహీంద్రా ఆ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. అదే ఏడాది బ్రిటన్‌లో రోవర్ ఇంజనీరు మారిస్ విల్క్స్ జీపు ఛాసిస్ మీదే తన తొలి నమూనా తయారు చేయించాడు. పొలం పనికి పనికొచ్చే బండి కావాలన్నది ఆయన కోరిక. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లోకం ల్యాండ్ రోవర్‌ను చూసింది. 2008లో ఆ కంపెనీ టాటాల చేతికొచ్చింది.

దారులు వేరయింది ఒంటి కట్టడంలో. థార్ ఇప్పటికీ నిచ్చెన లాంటి ఇనప ఛాసిస్ మీదే నిలబడింది. గుంతలో పడితే ఆ దెబ్బ వెనక సీటు దాకా తెలుస్తుంది. 2019లో వచ్చిన కొత్త డిఫెండర్‌కు విడి ఛాసిస్ లేదు, ఒళ్లంతా ఒకే అల్యూమినియం కట్టడం. గాలి సస్పెన్షన్ ఉన్న డిఫెండర్ 110 నేల నుంచి 291 మి.మీ. దాకా లేస్తుంది, 900 మి.మీ. నీటిలో, అంటే దాదాపు నడుములోతులో నడుస్తుంది. థార్‌కు ఈ లెక్కలు 226, 650. ఇంజనీరింగ్‌లో డిఫెండర్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే.

తమ్ముడి వాదన ఇంకొకటి. "అక్కా, ఫిల్మ్‌నగర్‌ల మనిషి కన్నా ముందు బండిని చూస్తరు." ఆ మాట నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ సినిమాకీ సినిమాకీ మధ్య ఖాళీ నెలలుంటాయి. ఈఎంఐకి ఖాళీ నెల ఉండదు. జీవిత పన్ను కూడా ధర మీద శాతం లెక్కనే పడుతుంది. ధర పెరిగితే ఆ శాతమూ పెరుగుతుంది.

ఆదివారం ఇద్దరం టేపు పట్టుకుని మా గల్లీ కొలిచాం. కరెంటు స్తంభానికీ ఎదురింటి మెట్టుకూ మధ్య సరిగ్గా ఎనిమిది అడుగులు. అద్దాలతో కలిపి డిఫెండర్ వెడల్పు 2.1 మీటర్లు. నడిమధ్యన పోనిస్తే రెండు పక్కలా జానెడు జాగా కూడా మిగలదు. డిఫెండర్ 110 పొడవు 5 మీటర్లు దాటుతుంది కాబట్టి గల్లీ మలుపులోనే ఆగిపోతుంది. 4 మీటర్ల లోపు థార్ హాయిగా తిరుగుతుంది. కానీ దాని వెనక సీటు ఎక్కాలంటే ముందు సీటు మడిచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రెండుసార్లు ప్రయత్నించి, "నేను ఆటోల వస్త తియ్ బిడ్డా" అంది.

అందుకని నా ఓటు 2024లో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌కు, అదీ ఫోర్ బై ఫోర్‌కు. థార్ పేరుతో వెనక చక్రాలకే శక్తినిచ్చే రకాలూ ఉన్నాయి. వాటిని ఆఫ్‌రోడ్ బండి అనుకుని కొనకూడదు. జూబ్లీహిల్స్‌లో సొంత గేటు, లోపల జాగా, ఏటా లడఖ్ ప్రయాణం ఉన్నవాళ్లకు డిఫెండర్ తగిన బండే.

వాన దంచిన రోజు మా ఏటవాలు గల్లీలో నీళ్లు బైకులను తోసుకుంటూ పోతాయి. నడుములోతు నీళ్లు దాటగల బండి ఆ రాత్రి మెయిన్‌రోడ్డు మీద ఉంటే, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ నీళ్లు దాటాల్సింది మేమే. తమ్ముడు టేపు చుట్టి జేబులో పెట్టుకుని, రాక్స్ టెస్ట్ డ్రైవ్‌కు అమ్మను కూడా తీసుకెళ్దామన్నాడు.