ఆరో అంతస్తు కిటికీ

మా పిన్ని, బాబాయి సామర్లకోట దగ్గరి పల్లె నుంచి మొదటిసారి హైదరాబాద్ వస్తున్నామని ఫోన్ చేశారు. వాళ్లమ్మాయి, అంటే మా చెల్లి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటోంది. బస కొండాపూర్‌లో మా ఇంట్లో. శుక్రవారం పొద్దున దిగి ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కాలి. ఆ రాత్రే పాత క్యాలెండర్ కాగితం వెనక ప్లాన్ రాశాను. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిల్మ్ సిటీ... మొత్తం పదకొండు చోట్లు తేలాయి.

మర్నాడు ఫోన్ చేసి, "ఏం చూడాలనుంది పిన్నీ?" అని అడిగాను. ఆవిడ ఆలోచించనైనా లేదు. "మా పిల్ల ఎక్కడ కూర్చుని పనిచేస్తుందో ఒక్కసారి చూస్తే చాలురా" అంది.

ఆ కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టాను. నేను రాసిన పదకొండింటిలో అది లేనే లేదు.

హైదరాబాద్‌లో దూరాన్ని గంటల్లో లెక్కేసుకోవాలి. హైటెక్ సిటీ ఊరికి పడమటి కొస, ఫిల్మ్ సిటీ తూర్పున విజయవాడ రోడ్డు మీద. ఉదయం 9 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8 దాకా మాదాపూర్, గచ్చిబౌలి రోడ్లు ఆఫీసులవాళ్లతో కిక్కిరిసిపోతాయి. పెద్దవాళ్లను ఆ వేళల్లో రోడ్డు మీదికి తీసుకురాకూడదు. అందుకే రోజుకొక దిక్కు అనుకున్నాను. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది, సికింద్రాబాద్‌లో దిగొద్దని ముందే చెప్పాను. దానితో పొద్దున్నే ఊరంతా దాటి రావాల్సిన పని తప్పింది.

తర్వాత సెలవులు చూసుకున్నాను. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూసేస్తారు. శని, ఆదివారాలు మా చెల్లికి సెలవు. అంటే ఆఫీసు శుక్రవారం, మ్యూజియం శనివారం. సగం ప్లాన్ దానంతటదే కుదిరింది.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాం. పాసు లేనిదే లోపలికి పంపరు కాబట్టి ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. లంచ్ వేళకు చెల్లి మెడలో ట్యాగుతో దిగివచ్చి పైకి చూపించింది. పిన్ని కొంగు నెత్తిన కప్పుకుని, వేలితో ఒక్కో అంతస్తు లెక్కపెట్టింది. ఆరోది, ఎడమ చివరి కిటికీ. "ఆ అద్దం వెనకేనా?" "అవునమ్మా." చాలాసేపు అటే చూసి, సంచిలోంచి కాజాల డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది. "నీ పక్కన కూర్చునేవాళ్లకు కూడా పెట్టమ్మా."

అక్కణ్నుంచి 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ చూపించాను. ఈ ఐటీ పేటంతా దానితోనే మొదలైందంటే బాబాయి ఆగి మరోసారి చూశారు. దగ్గర్లోని శిల్పారామంలో చెట్ల నీడన కూర్చుని, సాయంత్రం రద్దీ మొదలవకముందే ఇంటికి చేరాం.

శనివారం పాతబస్తీ. మెట్రో 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చాక ఈ కొస నుంచి మూసీ ఒడ్డుకు ఒకేచోట రైలు మారితే చాలు. ఆ మారేది అమీర్‌పేటలో. అక్కడ ఎస్కలేటర్ ముందు పిన్ని కుచ్చిళ్లు పట్టుకుని ఆగిపోయింది. లిఫ్ట్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవలసింది నేను. ఎంజీబీఎస్‌లో దిగి, 12 గంటలు కొట్టేలోపు సాలార్‌జంగ్ గడియారం ముందు కూర్చున్నాం. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే బాబాయి కూడా దానితోపాటు లెక్కపెట్టారు. మోకాళ్ల నొప్పులని చార్మినార్‌ను కిందనుంచే చూశారు.

ఆదివారం ఏమీ పెట్టలేదు. తల్లీకూతుళ్లు గుత్తివంకాయ వండుతూ వంటింట్లోనే మాట్లాడుకున్నారు.

రైలెక్కేముందు పిన్ని, "ఇక ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అది ఎక్కడుందో కళ్లకు కడుతుందిరా" అంది.

గోల్కొండ చూడలేదు. మళ్లీ వచ్చినప్పుడు చూస్తారు. మీ ఇంటికి ఎవరైనా మొదటిసారి వస్తుంటే, చూపించాల్సిన వాటి లిస్టు రాసేముందు ఒకసారి ఫోన్ చేసి ఏం చూడాలనుందో అడగండి. వాళ్లు చెప్పినదాన్ని మొదటి రోజే పెట్టండి.