బయటివాడి బొమ్మ

హాస్యమున్నచోట బాధకు చోటుండదనీ, ఆటబొమ్మలాంటి శిల్పంలో సాంఘిక సమస్య ఇమడదనీ మన విమర్శకులలో కొందరు నమ్ముతారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి ఒక జర్మన్ శిల్పం పనికివస్తుంది.

1992లో కాసెల్ నగరంలో జరిగిన తొమ్మిదవ డాక్యుమెంటా ప్రదర్శనలో థామస్ షుట్టె 'పరదేశులు' అనే శిల్పసముదాయాన్ని నిలిపాడు. అవి నిగనిగలాడే రంగుల మట్టిబొమ్మలు. కూజాలవంటి ఒళ్లు, వాల్చిన కళ్లు, పక్కనే మూటాముల్లె. నడిబజారులో ఒక భవనపు ముఖమండపం కప్పుమీద అవి నిలబడ్డాయి. చూడగానే నవ్వొస్తుంది. వీళ్లు వస్తున్నారా, పోతున్నారా అన్న సందేహం ఆ తర్వాత వస్తుంది. ఆ ప్రదర్శన సాగుతున్న ఆగస్టు నెలలోనే రోస్టాక్‌లో శరణార్థులూ, వియత్నాం కార్మికులూ వుండే ఇళ్లపై మూకలు దాడిచేసి నిప్పుపెట్టాయి. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఆ బొమ్మల నవ్వులో ఎంత భయం దాగివుందో అప్పుడు తేలింది.

అయినా ఈ శిల్పంలో ఒక లోపమున్నదని నా అభిప్రాయం. పరదేశి కప్పుమీదే వుండిపోయాడు. కింద నడిచేవాడు తలెత్తి చూసి, జాలిపడి, తన బేరానికి తాను పోవచ్చు. ఆ దూరమే శిల్పార్థమని కొందరనవచ్చు. దూరాన్ని చూపడం వేరు, దూరాన నిలబడి చూడనివ్వడం వేరు.

మన అమీర్‌పేటలో ఇటువంటి శిల్పం లేదు. దానికి కావలసిన మనుషులు మాత్రం కోకొల్లలు. మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాలకు జిల్లాలనుంచి వచ్చిన పిల్లలు హాస్టలు గదుల్లో సర్దుకుని, ఉద్యోగంకోసం, వీసాకోసం కాచుకుంటారు. వారిలో నా విద్యార్థులూ వున్నారు.

అయితే బయటివాడంటే పరాయి ఊరివాడేనా? పక్కనున్న పంజగుట్ట వేరే జవాబు చెబుతుంది. 2019 ఏప్రిల్ 13న, జయంతికి ఒకరోజు ముందు, అక్కడ నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదంటూ పురపాలక సిబ్బంది తొలగించి చెత్తబండిలో తరలించారు. ఆయన స్వీయానుభవాల పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోటవద్ద, తన బృందం నీటిని మైలపరచిందని రేగిన తగాదా అందులో వుంది. సొంత దేశంలోనే నీళ్లు ముట్టడానికి వీసా కావలసినవాడికంటె పరదేశి ఎవడు?

పీఠమెక్కిన విగ్రహం దండలు కోరుతుంది. ఆటబొమ్మ పక్కన ఎవరైనా నిలబడవచ్చు. అందుకే ఈ వస్తువుకు హాస్యరూపం తగును. కాని ఆ బొమ్మ నేలమీద, మనిషెత్తున వుండాలి. ఎవడు బయటివాడో చూపి ఊరుకోక, వాణ్ణి బయట నిలిపిందెవరో అడగాలి. ఆ ప్రశ్న అడగని శిల్పం ఎంత ముచ్చటగా వున్నా, కూడలి అలంకారమే అవుతుంది.