రెండో జట్టును చదివే విద్య: కొల్లేటి సీమలో కబడ్డీ ఆటగాళ్ల ఫామ్

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలోనూ చెడుగుడు పేరుతో తరతరాలుగా సాగుతున్న కబడ్డీకి ప్రేక్షకులు ఎందరో ఉన్నా, వారిలో ఎక్కువమంది చూపు మొదటి జట్టు మీదనే నిలుస్తుంది. ఆ జట్టు వెనుక ఎదుగుతున్న కుర్రాళ్లు ఎవరు, వారిలో ఎవరి ఆట పుంజుకుంటోంది, ఎవరి ఆట తగ్గుతోంది అన్న విషయాలను ఓపికగా గమనించే రసజ్ఞత కొద్దిమందికే అలవడుతుంది. పాయింట్ల పట్టికలో కనబడని ఆటను చూడగలిగితేనే ఒక ఊరి కబడ్డీ రేపు ఎలా ఉంటుందో తెలుస్తుంది కనుక, రెండో జట్టును అనుసరించడం ఆటను అర్థం చేసుకోవడానికి ఒక పద్ధతి అవుతుంది.

రెండో జట్టు అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. పన్నెండు మంది జట్టులో ఏడుగురు బరిలో ఉండగా పక్కన కూర్చునే అయిదుగురు ఆటగాళ్లు ఒక అర్థమైతే, పెద్ద పోటీలకు ఒకే ఊరు లేదా ఒకే కళాశాల తరఫున అసలు జట్టుతో పాటు దిగే ‘బి’ జట్టు మరో అర్థం. ఇటువంటి అంచె ఇతర దేశాల ఆటల్లోనూ ఉంది. ఒళ్లు పట్టి నిలవరించడమే ప్రధానమైన రగ్బీ లీగ్‌లో ఆస్ట్రేలియా క్లబ్బులు మొదటి జట్టు కింద రిజర్వు గ్రేడ్ పేరుతో మరో జట్టును నడుపుతూ, అసలు మ్యాచ్‌కు ముందు అదే మైదానంలో దాన్ని ఆడించే ఆనవాయితీని చాలాకాలం పాటించాయి. మన దగ్గర అంత వ్యవస్థ లేకపోయినా అవసరం మాత్రం ఒకటే, ఎందుకంటే మొదటి జట్టు సాధన చేయడానికి ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి, ఆ నిలబడేవారు ఎంత గట్టివారైతే మొదటి జట్టు అంత పదునెక్కుతుంది.

ఫామ్‌ను అంచనా వేయడానికి ముందు ఆట చట్రం తెలిసి ఉండాలి. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ గీత, దానికి మరో మీటరు అవతల బోనస్ గీత ఉంటాయి. కూతకు వెళ్లిన ఆటగాడు, అంటే రైడర్, ఊపిరి తెగకుండా కూత పెడుతూ 30 సెకన్లలో తిరిగి రావాలి. ఎవరినీ తాకకపోతే కనీసం బాక్ గీతనైనా దాటాలి, లేకుంటే అవుటవుతాడు. ఎదుటి బరిలో ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడు బోనస్ గీత దాటితే ఒక పాయింటు వస్తుంది. అవుటైన ఆటగాడు బయట కూర్చుని, తన జట్టు ఎదుటివారిలో ఒకరిని అవుట్ చేసినప్పుడు వరుస క్రమంలో తిరిగి బరిలోకి వస్తాడు, దాన్నే మన ఊళ్లలో ‘బతకడం’ అంటారు. ఎదుటివారందరినీ అవుట్ చేస్తే దక్కే రెండు అదనపు పాయింట్లకు లోనా అని పేరు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేకుండా తిరిగివచ్చిన రైడర్ అవుటవుతాడన్న ‘డూ ఆర్ డై’ నియమం ప్రొ కబడ్డీ లీగ్ వల్ల ఇంటింటికీ తెలిసింది.

రైడర్ ఫామ్‌ను ముందుగా పాదాల్లో చూడాలి. బోనస్ కోసం వెళ్లినవాడి ముందరి కాలు గీత దాటి నేలను తాకే క్షణంలో వెనక కాలు గాలిలో ఉండి తీరాలి, అలా ఒంటికాలి మీద నిలిచిన ఆ లిప్తపాటులోనే మూలన ఉన్న డిఫెండర్ చీలమండకు చేయి వేస్తాడు. ఫామ్‌లో ఉన్న రైడర్ ఆ క్షణంలో నడుమును మధ్య గీత వైపుకే ఉంచి, బరువును వెనక్కి తీసుకోగలిగే వంపులో ఉంటాడు, కాలు చాచినా ఒళ్లు చాచడు. ఫామ్ తప్పినవాడు అదే దూరం చేరడానికి భుజాలను ముందుకు వంచుతాడు, పాయింటు వచ్చినా తిరుగుదారిలో ఒక అడుగు ఆలస్యమవుతాడు, రెండు మూడు మ్యాచ్‌ల తరువాత ఆ ఆలస్యమే అతణ్ణి పట్టిస్తుంది. తరువాత గమనించవలసింది కూత. అలసిన ఆటగాడి కూతలో మొదట వేగం పెరిగి, ఆపై మాటలు ముద్దగా కలిసిపోతాయి; కూత నిలకడగా సాగుతోందంటే ఊపిరి అదుపులో ఉందని, ఊపిరి అదుపులో ఉంటే ఆలోచన కూడా అదుపులో ఉందని అర్థం చేసుకోవచ్చు. కాలి వేలితో తాకడం, పరుగులో చేతితో తాకడం, వెనక్కి తన్నడం, గొలుసు కట్టిన చేతుల కింద నుంచి దూసుకుపోయే డుబ్కీ అన్నవి రైడర్ విద్యలు. రెండో జట్టు కుర్రాడికి సాధారణంగా వీటిలో ఒక్కటే చేతనవుతుంది, అతని ఎదుగుదల అంతా రెండో విద్య ఎప్పుడు నేర్చాడన్న దానిలో ఉంటుంది.

డిఫెండర్ల ఫామ్‌ను చదవడం ఇంకా కష్టం, ఎందుకంటే వారి మంచి ఆట చాలావరకు ఏమీ జరగకపోవడంలో ఉంటుంది. ఏడుగురిలో రెండు అంచుల్లో కార్నర్లు, వారి పక్కన ఇన్ ఆటగాళ్లు, ఆ తరువాత కవర్లు, నడుమ సెంటర్ నిలుస్తారు. కార్నర్ పని చీలమండను లేదా తొడను పట్టడం. కవర్ పని తిరిగి వెళ్తున్న రైడర్‌కు అడ్డంగా నిలిచి ఆపడం, లేదా ఒక్క తాకిడితో బరి బయటికి నెట్టడం. రెండో జట్టులో తరచుగా కనబడే లోపం తొందరపాటు పట్టు, అంటే రైడర్ ఇంకా వెనుదిరగక ముందే, తోడు ఆటగాడు సిద్ధంగా లేకుండానే మీదికి దూకడం. మంచి కార్నర్ రైడర్ చేతుల కదలికకు మోసపోకుండా నడుమును చూస్తూ నిలుస్తాడు, పక్కవాడి చేతిని ఎప్పుడు వదలాలో, ఎప్పుడు బిగించాలో మాట లేకుండా తెలుసుకుంటాడు. బరిలో ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు రైడర్‌ను పడితే అదనపు పాయింటు తెచ్చే సూపర్ ట్యాకిల్‌లోనే ఈ పొత్తు అసలు విలువ బయటపడుతుంది.

అందువల్ల రెండో జట్టును నిజంగా అనుసరించేవారి లెక్క పుస్తకం మామూలు స్కోరు పుస్తకానికి భిన్నంగా ఉండాలి. ఇద్దరు రైడర్లు చెరి అయిదు పాయింట్లు తెచ్చారనుకుంటే, ఒకరు ఎదుట ముగ్గురే మిగిలి ఉన్నప్పుడు తెచ్చి ఉండవచ్చు, మరొకరు ఏడుగురి నడుమ నుంచి తెచ్చి ఉండవచ్చు. పట్టికలో ఇద్దరూ సమానమే అయినా ఆటలో సమానులు కారు. ప్రతి కూత పక్కన ఎదుట ఎందరున్నారు, ఆట మొదటి సగమా రెండో సగమా, అది మూడో కూతా కాదా, ఆ పాయింటుతో ఎవరు బతికి వచ్చారు అన్న నాలుగు వివరాలు రాసుకుంటే ఫామ్ దానంతట అదే తేలుతుంది. ఖాళీ కూతలను కూడా విడదీసి చూడాలి, ఎందుకంటే ఆధిక్యంలో ఉన్నప్పుడు కాలం గడపడానికి జాగ్రత్తగా వెళ్లివచ్చిన ఖాళీ కూత నేర్పు కాగా, వెనుకబడి ఉన్నప్పుడు భయంతో బాక్ గీత మాత్రమే దాటి వచ్చిన ఖాళీ కూత నష్టం.

ఈ సీమలో ఫామ్‌కు నేలతోనూ పనితోనూ సంబంధం ఉంది. సార్వా కోతలు ముగిసి దాళ్వా నాట్ల సందడి మొదలయ్యే వేళ సంక్రాంతి వస్తుంది, ఊరి పోటీలు ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతాయి. రాత్రి చేపల చెరువులో వలలు లాగిన కుర్రాడు మరునాటి సాయంత్రం మందకొడిగా ఆడితే అది ఫామ్ పోవడం కాదు, ఒళ్లు అలసిపోవడం మాత్రమే. ఆ రెండింటినీ వేరు చేసి చూడగలిగేది అతని జీవనం తెలిసిన ప్రేక్షకుడే. నేల మారితే ఆటా మారుతుంది. ఊరి మట్టిలో వట్టి పాదం కొంత జారి ఆగుతుంది, మ్యాట్ మీద బూటు అక్కడికక్కడే నిలుపుతుంది, కాబట్టి మట్టిలో రాణించినవాడు మ్యాట్ మీద మొదటి పోటీలో తడబడితే తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు. పాలన గీతలు కూడా కొంత దారి మళ్లిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలో చేరింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. జిల్లా పేరును బట్టి మాత్రమే ఆటగాణ్ణి వెతికేవారికి పక్క ఊరి ప్రతిభ కనబడకుండా పోయే అవకాశం ఉంది.

బెంచీ మీది ఆటగాడి విలువను చెప్పడానికి పవన్ సెహ్రావత్ కథ చాలు. 2016లో బెంగళూరు బుల్స్ తరఫున ప్రొ కబడ్డీలో అడుగుపెట్టిన అతడు 2017లో గుజరాత్ జట్టులో చేరి, అక్కడ బరిలోకి దిగే అవకాశాలు పెద్దగా రాక ఎక్కువగా పక్కనే కూర్చున్నాడు. మరుసటి సీజన్‌లో తిరిగి బెంగళూరుకు వచ్చి, 2019 జనవరిలో జరిగిన ఫైనల్‌లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి జట్టును విజేతగా నిలిపాడు. ఆ రోజు 38-33 స్కోరుతో ఓడినది గుజరాత్ జట్టే. 2014లో మొదటి సీజన్ నుంచి లీగ్‌లో ఉన్న తెలుగు టైటాన్స్ 2023 వేలంలో అదే ఆటగాడికి రెండున్నర కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. గుజరాత్‌లో పక్కన కూర్చున్న నాటికీ ఆ ఫైనల్‌కూ మధ్య అతని కాళ్లలోని వేగం కొత్తగా పుట్టినది కాదు, దాన్ని బయటపెట్టే కూతలు దొరకడమే కొత్త సంగతి.

రెండో జట్టు ఊరి ఆటకు నారుమడి వంటిది, దాని బాగోగులు చూడని చోట మొదటి జట్టులో ఒకరికి మోకాలు దెబ్బతింటే ఆ ఏడాది ఆటే కుంటుపడుతుంది. ఆ జట్టులోని కుర్రాడికి కావలసినది పొగడ్త కన్నా సరైన అంచనా, ఎందుకంటే తన ఖాళీ కూతను కూడా ఎవరో గమనించి ఎందుకు ఖాళీ అయిందో చెప్పగలరన్న నమ్మకం ఉన్నవాడు మాత్రమే ఎదురుచూపును సాధనగా మార్చుకుంటాడు. సన్నని శరీరంతో పెద్దవారి జట్టులో చోటు దొరకని పదిహేడేళ్ల రైడర్, చదువు కోసం ఏలూరు వచ్చి ఊరి జట్టుకు దూరమైన కార్నర్, పెళ్లి తరువాత ఆట ఆగిపోతుందన్న బెంగతో ఆడే బాలికల జట్టు కవర్, వీరందరి ఆట మొదటి జట్టు స్కోరు పుస్తకంలోకి ఎక్కదు. ప్రతి ఊరి క్రీడా సంఘం, ప్రతి కళాశాల వ్యాయామ విభాగం అసలు జట్టుతో సమానంగా రెండో జట్టుకూ కూత కూతకూ లెక్క రాసే పుస్తకం ఒకటి పెట్టి, ఎంపికల వేళ దాన్ని బల్ల మీద ఉంచగలిగితే, ఈ సీమ కబడ్డీలో పలుకుబడి స్థానంలో ఆటే మాట్లాడుతుంది.