వంత దొరికిన పాట

నెక్లెస్ అనే మాట ఏ షావుకారు గుమ్మం దాటి ఉత్తరాంధ్ర పల్లెల్లోకి వచ్చిందో గానీ, వచ్చాక నక్కిలీసు అయిపోయింది. ఇంగ్లీషు మాటలోని బిగువు సడలి, చివర ఒక అచ్చు చేరి, నోటికి పట్టే మెలిక పడింది. దాని పక్కన ‘గొలుసు’ వచ్చి కూర్చునేసరికి రెండు ‘సు’లు గజ్జెల్లా మోగాయి. ‘నాది నక్కిలీసు గొలుసు’ అనే పాట పేరును వాద్యం లేకుండా ఊరికే పలికి చూసినా కాలు కదులుతుంది. తాళం అందులోనే ఉంది.

ఈ పాటను సినిమాకెక్కించిన రఘు కుంచెది అప్పటికి ఇరవయ్యేళ్ల ప్రయాణం. 2000లో ‘బాచి’తో గాయకుడయ్యాడు. యాంకరింగ్ చేశాడు, డబ్బింగ్ చెప్పాడు. 2009లో ‘బంపర్ ఆఫర్’తో సంగీత దర్శకుడయ్యాడు. హిట్ పాటలున్నాయి, పేరూ ఉంది. కానీ ఇది రఘు కుంచె ఆల్బమ్ అని మొదటి పాట నుంచి చివరి పాట దాకా విని చెప్పుకోదగ్గది 2020 మార్చి 6న విడుదలైన ‘పలాస 1978’ అనాలి. దర్శకుడు కరుణ కుమార్‌కి అది మొదటి సినిమా. అందులో రఘు కుంచె ప్రతినాయకుడిగా వేషం కూడా కట్టాడు. జీడిపప్పు వ్యాపారం, షావుకార్ల పెత్తనం, కులం, వాటి మధ్య నలిగిన ఇద్దరు అన్నదమ్ములు. ఆ అన్నదమ్ములది ఆడి పాడే కళాకారుల కుటుంబం. కాబట్టి ఇక్కడ పాటలు కథకు అలంకారం కావు, పాత్రల కులవృత్తి.

ఒక పేరు మోసిన సంగీతకారుడు ఇన్నేళ్ల తర్వాత తన మంచి ఆల్బమ్ ఎలా చేయగలిగాడు? ఈ ప్రశ్నకు జవాబు కోసం పలాస నుంచి ఒకసారి టోక్యో వెళ్లి రావాలి. సంవత్సరం మాత్రం మారదు. అదీ 1978 నాటి సంగతే.

అమెరికాలోని రాక్‌ఫర్డ్ అనే ఊరి నుంచి వచ్చిన చీప్ ట్రిక్ బ్యాండు ఆ ఏప్రిల్‌లో టోక్యోలోని బుడోకాన్ హాలులో వాయించింది. వాళ్లది పవర్ పాప్. ఈ పేరును 1967లో ద హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తమ పాటలను వర్ణిస్తూ వాడాడు. బీటిల్స్ బాణీలోని తీపిని గిటార్ల హోరు మీద పోసి మూడు నాలుగు నిమిషాల్లో ముగించడం ఆ పద్ధతి. అందులో అన్నిటికన్నా విలువైనది హుక్. ఒకసారి విన్నవాడు బస్సు దిగేలోగా కూనిరాగం తీసే ముక్క అది. చీప్ ట్రిక్ 1977లో స్టూడియోలో రికార్డు చేసిన ‘ఐ వాంట్ యూ టు వాంట్ మీ’లో ఆ ముక్క ఉంది, కానీ పాట అమెరికాలో కదల్లేదు. బుడోకాన్‌లో అదే పాట పాడుతుంటే, చరణంలో ఒక మాట దగ్గర జపాను అమ్మాయిలు ఆ మాటనే మళ్లీ మళ్లీ కేక వేసి అందించారు. ఆ కేకలతో సహా అచ్చయిన రికార్డు 1979లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానానికి ఎక్కింది. పాట అదే, గొంతూ అదే. కొత్తగా వచ్చి చేరింది వంత.

ఉత్తరాంధ్రలోని టెక్కలి, పలాస ప్రాంతాల వాళ్లకు ఈ విషయం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతంలో జముకుల కథ అంటేనే ఒకరు చెప్పడం, పక్కవాళ్లు వంత పట్టడం. జముకు చూడటానికి గొట్టంలా ఉంటుంది. ఒక పక్క చర్మం బిగించి మూస్తారు, రెండో పక్క తెరిచి ఉంటుంది. చర్మం నడిమధ్య నుంచి బయల్దేరిన తీగె గొట్టంలోంచి బయటికి వచ్చి ఒక చిన్న కర్రముక్క దగ్గర ఆగుతుంది. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో కర్రను లాగి పట్టి, రెండో చేత్తో తీగె మీటుతారు. లాగితే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. కాబట్టి జముకు డప్పులా తాళం మాత్రమే వేసి ఊరుకోదు. ‘అవునా?’ అని అడుగుతుంది, ‘ఊఁ’ కొడుతుంది. అంటే మనుషుల వంతకు తోడు వాయిద్యం కూడా వంత పాడుతుందన్నమాట. కథకుడు ఊపిరి పీల్చుకునే సందులో ఈ ఇద్దరూ దూరతారు. రాత్రంతా అమ్మవారి కథ నడిచినా జనం కునుకు తీయకపోవడానికి కారణం ఆ సందులే.

తప్పెటగుళ్లలోనూ ఇదే కిటుకు, మరో రూపంలో. యాదవులు గంగమ్మ కథను, కాటమరాజు కథను ఆడే ఆ ఆటలో రేకు తప్పెటలు రొమ్ముకు కట్టుకుని రెండు అరచేతులతో వాయిస్తూ గుండ్రంగా తిరుగుతారు. పాట అందించేవాడు ఒక్కడు, అందుకునేవాళ్లు పదిహేను మందికి తగ్గరు. అడుగు, తప్పెట, గజ్జె, గొంతు అన్నీ ఒకే మాట మీద పడతాయి. స్టూడియోలో ఎన్ని ట్రాకులు పేర్చినా ఆ దెబ్బ రావడం కష్టం.

వంతకు ఉన్న ఈ బలం వినోదానికే పరిమితం కాలేదు. పలాసకు దగ్గర్లోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ రైతాంగ పోరాట కాలంలో జముకుల కథను ఉద్యమానికి గొంతుగా మలిచాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించినా లేకపోయినా కళ సంగతిలో ఒకటి ఒప్పుకోవాలి. కరపత్రం చదవలేని ఊళ్లలో కథ నడిచిందంటే, వినేవాడు వంత పట్టగానే అది తన మాట అయిపోవడం వల్లే. తర్వాత పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటలకూ అదే ఇంధనం.

ఇప్పుడు మళ్లీ ఆల్బమ్ దగ్గరికి. రఘు కుంచె ఇందులో చేసిన తెలివైన పని తాను కొంచెం పక్కకు జరగడం. ‘ఓ సొగసరి’ పాటకు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతు తీసుకుని, ఆయన పక్కన పసల బేబీని నిలబెట్టాడు. తూర్పు గోదావరి జిల్లా వడిశలేరులో కూలి పని చేసుకునే బేబీ పాడిన వీడియో 2018లో ఊళ్లన్నీ తిరిగింది. ఆమెకు రికార్డింగ్ థియేటర్లో మొదటి పాట ఇచ్చిందీ రఘు కుంచే. బాలు గొంతులో యాభయ్యేళ్ల నేర్పు. ఒక్కో మాట చివర చిన్న నవ్వు, చిన్న విరుపు. బేబీ గొంతులో ఆ నగిషీలు లేవు. నిటారుగా వచ్చి నిలబడుతుంది. ఆయన వేసిన ప్రశ్నకు ఈమె ఊరి గట్టు మీంచి బదులిచ్చినట్టు వినిపిస్తుంది. ఇద్దరూ ఆరితేరినవాళ్లే అయితే అది చక్కటి యుగళగీతం అయ్యేదేమో గానీ ఈ పాట అయ్యేది కాదు. ఆ ఏడాది సెప్టెంబరులోనే బాలు వెళ్లిపోయాడు.

అదితి భావరాజు పాడిన ‘బావొచ్చాడు’లో ‘లప్ప’ అనే పిలుపును గమనించాలి. ఉత్తరాంధ్ర ఆడవాళ్లు ఒకరినొకరు ‘ఓలప్పా’ అని పిలుచుకోవడం ఆ ప్రాంతంలో రోజూ వినబడేదే. పాటలో ఆ పిలుపు పడగానే వినేవాళ్లలో ఒక లప్ప ఉన్నట్టే లెక్క. ఆమె పలకాలి. యాసను తెలుగు సినిమా చాలాకాలం వెక్కిరింపుకి వాడుకుంది. ఇక్కడ అదే యాస పాట కట్టడంలో భాగమైంది.

ముదిమి దగ్గర పడ్డాక సొంత మూలాలు వెతుక్కోవడం చీప్ ట్రిక్‌కీ కలిసొచ్చింది. 2006లో వాళ్లు తమ ఊరి పేరే పెట్టి ‘రాక్‌ఫర్డ్’ ఆల్బమ్ తెచ్చారు. బయటి గీత రచయిత్రి లిండా పెర్రీతో కలిసి ఒక పాట రాసుకున్నా, మిగతాదంతా డెబ్బైల నాటి పాత కొలిమిలోంచి తీసినట్టే ఉంటుంది. గిటార్ దూకుడు, రాబిన్ జాండర్ గొంతు, దాని వెనక తోడు గొంతుల గోడ. విమర్శకులు మెచ్చుకున్నారు. ఒక తేడా మాత్రం ఉంది. రాక్‌ఫర్డ్ ఆ బ్యాండుకి సొంత ఊరు. పలాస రఘు కుంచెకి సొంత ఊరు కాదు, ఆయన గోదావరి మనిషి. బహుశా అందుకే మరింత చెవి ఒగ్గి విన్నాడు.

తెలుగు పాప్‌లో పాతకాపు రమణ గోగుల సంగతీ ఇలాంటిదే. చాలా ఏళ్ల విరామం తర్వాత ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా కోసం ‘గోదారి గట్టు మీద’ పాడితే ఆ గరుకు గొంతుకు ఎదురుగా జానపదం పాడి పెరిగిన మధుప్రియ నిలబడింది. అనుభవానికి ఎదురు పచ్చిగొంతును నిలపడం ఇప్పుడొక సూత్రం అవుతోందా అన్న అనుమానం కూడా వస్తుంది. సూత్రమైన రోజు అది చప్పబడుతుంది.

‘పలాస 1978’ విడుదలైన రెండు వారాల్లోపే కరోనాతో థియేటర్లకు తాళాలు పడ్డాయి. సినిమా ఆగింది, నక్కిలీసు పాట ఆగలేదు. ఫోన్లలో తిరిగింది. టిక్‌టాక్‌తో పేరు తెచ్చుకున్న దుర్గారావు దంపతులు నక్కిలీసుకు వేసిన అడుగులు తర్వాత టీవీ వేదికల దాకా వెళ్లాయి. జనం పాటను వినడంతో సరిపెట్టకుండా ఆడి చూపించారు. బుడోకాన్ అమ్మాయిలు కేకతో ఇచ్చిన వంతను వీళ్లు కాలితో ఇచ్చారు. 2023లో ‘కోట బొమ్మాళి పీఎస్’ సినిమా వస్తే, థియేటర్‌కి ముందు జనంలోకి వెళ్లింది ‘లింగిడి’ పాటే. టెక్కలి పక్కనున్న ఊరి పేరు, ఉత్తరాంధ్ర జానపదపు బాణీ, మళ్లీ అదే తిరిగొచ్చే ముక్క.

ఈ సంబరంలో ఒక ముల్లు కూడా ఉంది. జానపదం అన్న ముద్ర పడగానే కట్టినవాళ్ల పేరు అడిగే అలవాటు పోతుంది. సినిమా పాటకు హక్కులుంటాయి, లెక్కలుంటాయి. జాతరలో తెల్లవార్లూ పాడినవాళ్లకు దక్కేది ఆ రాత్రి పారితోషికమే. జారిపోయిన గొలుసు గురించిన ఈ పాట పేరులో మొదటి మాటే ‘నాది’. మొదటిసారి ఆ మాట అన్న గొంతు ఉద్దానం తోటల్లోదా, వంశధార ఒడ్డుదా, సరదాగా అందా, దిగులుతో అందా? పాట ఇన్ని కోట్లసార్లు మోగాక కూడా ఆ మనిషి పేరు అడిగేవాళ్లు మాత్రం తక్కువే.