సమాధి పలక మీద చోటెవరికి?

కోహిమా యుద్ధ సమాధుల తోటకి వెళ్ళిన వాళ్ళందరూ ఒక పెద్ద శిల ముందు ఆగుతారు. బ్రిటిష్ రెండో డివిజన్ స్మారకం అది. చనిపోయిన సైనికులు, ఇంటికి తిరిగి వెళ్ళేవాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది దాని మీది వాక్యం. నేనూ ఆగాను. తర్వాత ఒక సందేహం వచ్చింది: కోహిమాయే ఇల్లయిన వాళ్ళకి ఈ వాక్యం ఏం చెబుతుంది?

1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జపాన్ సైన్యంతో పోరు జరిగిందిక్కడ. డిప్యూటీ కమిషనర్ బంగళా, టెన్నిస్ కోర్టు ఉన్న ఆ కొండవాలు మీదే ఇప్పుడు 1,420 సమాధులున్నాయి. అన్నిటికన్నా ఎత్తులో, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో మరో స్మారకం ఉంది.

సమాధుల కంచు పలకల మీద పేరు, దళం, తేదీల కింద కొన్నిచోట్ల ఒకటి రెండు పంక్తులు కనిపిస్తాయి. మృతదేహాలని స్వదేశానికి పంపకూడదన్నది ఆనాటి నియమం. కుటుంబం మాత్రం ఒక చిన్న వాక్యం రాసి పంపవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు దానికి హద్దు 66 అక్షరాలు. కొడుకు సమాధిని కళ్ళతో చూడలేని ఎందరో తల్లులు ఆ ఇరుకులోనే దుఃఖాన్ని సర్దుకున్నారు. నా పిహెచ్.డి. స్మృతి కవిత్వం మీదే. అందులో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేదు. వీటిని సాహిత్యం అనుకోవాలని నాకు తట్టనే లేదు.

ఆ కాస్త చోటూ అందరికీ దొరకలేదు. 917 పేర్ల పక్కన ఏ తల్లి మాటా లేదు. పెళ్ళి కాని ప్రేయసి కాగితాల్లో బంధువు కాదు కాబట్టి ఆమెనెవరూ అడగరు. ఈస్టరిన్ కిరె నవల 'మారి' (2010) చదివితే ఆ అడగని మాట వినిపిస్తుంది. తన బంధువైన స్త్రీ జీవితం ఆధారంగా రాసిన నవల ఇది. బ్రిటిష్ సైనికుణ్ణి ప్రేమించిన నాగా అమ్మాయి యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోతుంది. అతను చనిపోతాడు. అతని బిడ్డకి ఆమె తల్లవుతుంది. చరిత్ర పుస్తకాల్లో ఈ యుద్ధం టెన్నిస్ కోర్టులో జరుగుతుంది; ఇక్కడ తలదాచుకునే చోటు వెతుక్కునే ఆడవాళ్ళ మధ్య జరుగుతుంది.

ఈ నవలతో నాకొక పేచీ ఉంది. ఇందులోనూ మనం ఏడ్చేది ఒక బ్రిటిష్ సైనికుడి కోసమే. కానీ ఆ ఏడుపు కోహిమా ఇంట్లోంచి వినిపించడం చిన్న విషయం కాదు. 917 మంది తల్లుల దుఃఖం ఏ భాషల్లో, ఏ పాటల్లో మిగిలిందో ఇంకా వెతకాలి.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వెయ్యమంటున్నారు స్నేహితులు. రాయని ఆ అధ్యాయం రాశాకే వేస్తాను.